పెళ్ళి ఫోటోలు ఉంచి మిగతావి పారేద్దామంటున్నారు మా వాళ్ళు

కాలువగట్టు
తెనాలి దగ్గర మా ఊళ్ళో తాతల నాటి పెంకుటిల్లు అమ్మేశాం. అటక మీద సామాను దించుతుంటే గంగాళం వెనకాల ఒక బిస్కెట్ల డబ్బా దొరికింది. లోపల చతురస్రంగా చిన్న చిన్న ఫోటోలు, అరచేయంత కూడా ఉండవు. వాటితోపాటు పల్చటి బటర్ పేపర్ కవర్లలో నెగెటివ్‌లు. మా పెదనాన్న బడిపంతులు. ఆయన దగ్గర అగ్ఫా క్లిక్ త్రీ కెమెరా ఉండేదని వినడమే గానీ తీసినవేవీ ఎప్పుడూ చూడలేదు. ఆయన పోయాక ఈ డబ్బా ఎవరూ తెరిచినట్టు లేదు.

మా ఇంట్లో ఉన్న పాత ఫోటోలన్నీ స్టూడియోవి. కుర్చీలో తాతయ్య, పక్కన నిలబడ్డ నాయనమ్మ, వెనకాల తెర మీద మేడ మెట్లు. ఈ డబ్బాలో అలాంటిది ఒక్కటీ లేదు. అమ్మ దాలి మీంచి పాలకుండ దించుతోంది. నాన్న గాబు దగ్గర గడ్డం గీసుకుంటున్నాడు, అద్దం స్తంభానికి మేకు కొట్టి తగిలించారు. నాయనమ్మ వసారాలో కాళ్ళు చాపుకుని చింతపండు గింజలు తీస్తోంది. ఎవరూ కెమెరా వైపు చూడటం లేదు. అమ్మ ఆ వయసులో ఎలా నడిచేదో, కొంగు ఎలా దోపుకునేదో నాకు ఇప్పుడు తెలిసింది.

గొడవ ఎక్కడంటే, "సగం మసగ్గా ఉన్నాయి, ఎవరెవరో ఉన్నారు, పెళ్ళి ఫోటోలు ఎలాగూ ఉన్నాయిగా, ఇవన్నీ ఎవరు దాస్తారు" అంటున్నాడు అన్నయ్య. బాబాయి కూడా అదే మాట. నెలాఖరుకి ఇల్లు అప్పజెప్పాలి. ఇలాంటివి దొరికినప్పుడు మీరేం చేశారు?

తామరాకు
ముందు ఆ డబ్బా తీసుకెళ్ళి మీ ఇంట్లో పెట్టుకోండి. చర్చ తర్వాత.

ఓరుగల్లు
తామరాకు చెప్పింది అక్షరాలా నిజం. మా అమ్మమ్మ పోయాక పదకొండో రోజుకే బీరువా ఖాళీ చేసిన్రు. నేను దుబాయి నుంచి వచ్చేసరికి ఒక్క ఫోటో మిగల్లేదు. అమ్మమ్మ బతుకమ్మ పేరుస్తుండగా తీసింది ఒకటి ఉండేది. తంగేడు పూలు గుమ్మడాకు మీద పెడుతూ పక్కామెతో ఏదో గట్టిగా అంటున్నట్టుండేది. అది ఎవరు తీసుకున్నరో ఇప్పటికీ తెల్వదు.

డార్క్‌రూమ్ బాబాయి
గుంటూరులో నాకు స్టూడియో ఉండేది. కాలువగట్టు బాబూ, కొన్ని ముఖ్యమైన సంగతులు చెబుతా, ఓపిగ్గా చదువు.

క్లిక్ త్రీలో 120 నంబరు ఫిల్ము రోలు పడుతుంది, రోలుకి 12 బొమ్మలు, అన్నీ చతురస్రమే. మీ దగ్గరున్నవి కాంటాక్ట్ ప్రింట్లు. అంటే నెగెటివ్‌ని నేరుగా కాగితం మీద పెట్టి వేసినవి, అందుకే నెగెటివ్ ఎంతుందో బొమ్మ అంతే ఉంటుంది. మసగ్గా ఉందని మీ అన్నయ్య అనేది ఆ చిన్న బొమ్మని చూసి. నెగెటివ్‌లో దానికి ఎన్నో రెట్లు వివరం దాగి ఉంటుంది. ప్రింట్లు పోయినా ఫర్లేదు గానీ నెగెటివ్‌లు మాత్రం వదలొద్దు.

అంచులు పట్టుకుని మాత్రమే తియ్యి. మెరిసే వైపు, మెరుపు లేని వైపు అని రెండుంటాయి. మెరుపు లేని వైపు వేలు తగలనివ్వకు, బొమ్మ ఉండేది అటే. తడిగుడ్డతో తుడవకు. బూజు కనిపించినా నీళ్ళలో వెయ్యకు. బొమ్మ ఉండేది జిలాటిన్ పొరలో, బూజు తిన్న చోట అది నీళ్ళకి కరిగిపోతుంది. వెనిగర్ వాసన వచ్చే ముక్కలుంటే వాటిని వేరే కవర్లో పెట్టు, ఆ జబ్బు పక్కవాటికి పాకుతుంది.

ఇంకోటి. ఆ రోజుల్లో రోలు ఖరీదు. సంక్రాంతికి వేసిన రోలు దసరాకి కడిగించేవాళ్ళు. కాబట్టి ఒక ముక్క మీద పక్కపక్కనే ఉన్న బొమ్మలు ఒకే రోజువని అనుకోకు. అంచున నంబర్లుంటాయి, ఆ వరస మాత్రం చెడగొట్టకు.

కాలువగట్టు
చాలా థాంక్స్ బాబాయి గారూ. మూడేసి బొమ్మల ముక్కలుగా ఉన్నాయి. స్కానర్ లేదు, ఫోనుతో అవుతుందా?

తామరాకు
అవుతుంది. ట్యాబ్లో తెల్ల స్క్రీను ఫుల్ వెలుతురులో పెట్టి, దానికి రెండంగుళాల పైన గాజు పలక ఆనించి, నెగెటివ్ దాని మీద పెట్టండి. నేరుగా స్క్రీను మీద పెడితే ఫోటోలో చుక్కలు చుక్కలుగా వస్తాయి. గదిలో లైట్లు ఆర్పి, ఫోను తిన్నగా పైనుంచి పట్టుకుని తీసి, ఎడిటింగ్‌లో రంగులు తిరగెయ్యండి. ఎవరెవరున్నారో చూసుకోవడానికి ఇది చాలు. తర్వాత తీరిగ్గా స్కానర్ మీద 2400 డీపీఐలో (అంగుళానికి 2400 చుక్కలు) చేయించండి.

డాలస్ రావు
ఆ మధ్య నేను ఒక యాప్‌లో వేస్తే మా తాతమ్మ ఫోటో రంగుల్లో, తళతళా వచ్చింది. అది కూడా ప్రయత్నించండి.

గోదారి శారద
దయచేసి ఆ యాప్‌లు వద్దు. మా అత్తయ్య ఫోటో వేస్తే రెండు ముక్కుపుడకల్లో ఒకటి మాయమైంది, కళ్ళు ఎవరివో వచ్చాయి. కజిన్లందరూ ఆ కొత్త ముఖాన్నే వాట్సాప్‌లో పెట్టుకున్నారు. రేపు పిల్లలకి అదే అత్తయ్య అవుతుంది.

డాలస్ రావు
ఒప్పుకుంటాను, కానీ మా అమ్మ ఆ రంగుల ఫోటో చూసి ఎంతసేపు మాట్లాడిందో! నలుపు తెలుపు ఫోటో నలభై ఏళ్ళు గోడ మీద ఉన్నా అంత మాట్లాడలేదు. అసలు స్కాన్ విడిగా దాచుకుని, రెండోది సరదాకి ఉంచుకుంటే తప్పేముంది?

గోదారి శారద
అసలు స్కాన్ పక్కనే ఉంటే నాకూ అభ్యంతరం లేదు.

కాలువగట్టు
ట్యాబ్ పద్ధతి పనిచేసింది! రాత్రంతా అదే పని. నాయనమ్మ చింతపండు ఫోటోలో వెనక గోడకి కేలెండరుంది. వేంకటేశ్వరస్వామి బొమ్మ, కింద జనవరి. ఏడాది ఉండే చోట ఎండ పడి తెల్లగా అయిపోయింది. 1వ తేదీ శనివారం గడిలో ఉంది. దీన్నిబట్టి ఏమైనా చెప్పగలరా?

లెక్కల మాస్టారు
జనవరి 1 శనివారం వచ్చిన సంవత్సరాలు: 1955, 1966, 1972, 1977, 1983. నెగెటివ్ అంచున ఏ కంపెనీ పేరుందో చూడండి.

కాలువగట్టు
ఇంగ్లీషు అక్షరాల్లో ఇందు అని ఉంది మాస్టారూ. ఇంకో కవర్లో వాటికి ఓర్వో అని ఉంది.

డార్క్‌రూమ్ బాబాయి
ఇందు అంటే ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ళది, మన ప్రభుత్వ ఫ్యాక్టరీ. 1967లో గానీ అక్కడ ఉత్పత్తి మొదలవలేదు. ఓర్వో తూర్పు జర్మనీది, ఆ పేరు 1964 నుంచి. కాబట్టి ఈ ముక్క మటుకు 1955, 1966 కాదు.

లెక్కల మాస్టారు
మిగిలింది 72, 77, 83. ఫోటోలో పసిపిల్లలెవరైనా ఉన్నారా?

కాలువగట్టు
నాయనమ్మ పక్కన రెండేళ్ళ పిల్ల చింతగింజలతో ఆడుతోంది. అది మా అక్కే, అమ్మ వెంటనే గుర్తుపట్టింది. అక్క పుట్టింది 1970.

సిరిసిల్ల మగ్గం
అయితే 72 అని తేల్చేస్తారా? మా ఇంట్ల దేవుడి బొమ్మ ఉన్న కేలెండరు ఏండ్లకేండ్లు గోడకే ఉంటది. తీసేస్తే పాపమని అమ్మ తియ్యనియ్యదు. కేలెండరు చూసి ఏడాది చెప్పుడు కష్టం.

లెక్కల మాస్టారు
సిరిసిల్ల వారి మాట న్యాయమైనదే. కేలెండరు బట్టి 'ఈ ఏడాదికి ముందు కాదు' అని మాత్రమే చెప్పగలం. ఆ ముక్క మీద పక్క బొమ్మలేమిటి?

కాలువగట్టు
దాని తర్వాత నంబరు ఎడ్లు. కొమ్ములకి రంగులు, మెడలో దండలు, మా పాలేరు తాడు పట్టుకుని నిలబడ్డాడు. ఆ తర్వాతది వాకిట్లో గొబ్బెమ్మలు, సగం వాడిపోయి.

లెక్కల మాస్టారు
ఎడ్లకి అలంకారం, వాడిన గొబ్బెమ్మలు. అది కనుమ. నెల జనవరే. పిల్ల వయసు కూడా సరిపోయింది. 1972 సంక్రాంతి అని నిశ్చింతగా రాసుకోండి.

డాలస్ రావు
ఇలాంటి గుర్తులు ఇంకొన్ని. బండి నంబర్లు చూడండి. 1989 జులై నుంచి కొత్త పద్ధతి, ఏపీ తర్వాత జిల్లా అంకె వచ్చేది. అంతకుముందు మన రాష్ట్రంలో ఏతో మొదలయ్యే మూడు అక్షరాలు. బజాజ్ చేతక్ కనిపిస్తే 1972 తర్వాతే.

ఓరుగల్లు
సినిమా పోస్టర్లు కూడా పనికొస్తయి గదా? మా నాయిన సైకిల్ మీద ఉన్న ఫోటోల వెనక గోడకు లవకుశ ఉంది. అది 1963 సినిమా.

లెక్కల మాస్టారు
అది మళ్ళీ మళ్ళీ విడుదలైన సినిమా. పల్లెటూళ్ళ టెంటు హాళ్ళకి ఎన్నేళ్ళ తర్వాతైనా వచ్చి ఉండొచ్చు. మీ నాన్నగారి మీసం చూసి చెప్పడమే నయం.

దివిసీమ
ఈ చర్చ చదువుతుంటే ఊరుకోలేకపోయాను. మాది నాగాయలంక వైపు. 1977 నవంబరు 19 ఉప్పెనలో మా ఇంట్లో ఫోటో అన్నదే మిగల్లేదు. ఇల్లే లేదు. మా నాన్న పెద్దయ్యాక బంధువుల ఇళ్ళన్నీ తిరిగాడు. పెళ్ళికి తీయించిన ఫోటోల కాపీలు ఏలూరులో మేనత్త దగ్గర దొరికాయి. కానీ నాన్న వెతికింది అవి కాదు. మునిగిపోయిన తమ్ముడి ముఖం. చివరికి మేనత్త కూతురి బారసాల ఫోటోలో ఒక మూల దొరికాడు. గుంజ పట్టుకుని, నోట్లో ఏదో పెట్టుకుని, సగం మనిషే పడ్డాడు. దాన్నే పెద్దది చేయించి పెట్టుకున్నాం.

కాలువగట్టు గారూ, మీ అన్నయ్యగారు 'ఎవరెవరో ఉన్నారు' అంటున్నారే, ఆ ఎవరెవరో ఎవరికి ఏమవుతారో మనకి తెలీదు.

తామరాకు
ఇది మీ అన్నయ్యకి చదివి వినిపించండి.

కాలువగట్టు
వినిపించాను దివిసీమ గారూ. ఏమీ అనలేదు. ఫోటోలు పారేద్దామని మళ్ళీ అనలేదు కూడా.

సిరిసిల్ల మగ్గం
మా తాత సిరిసిల్ల నుంచి భీవండి పోయి పవర్‌లూమ్ల పని చేసిండు. అక్కడినుంచి ఇంటికి స్టూడియో ఫోటోలు పంపేటోడు. కోటు, చేతికి గడియారం, పక్కన పూలకుండీ. మా నాయినమ్మ వాటిని చూసి తాత దొర లెక్క బతుకుతున్నడనుకునేది. కోటు, గడియారం స్టూడియోవాళ్ళవే. తాత పోయినంక ఆయన సంచిల ఇంకో ఫోటో దొరికింది, తోటి పనోడు తీసింది. రెండు మగ్గాల నడుమ సాప, దాని మీద తాత. తలకింద మెత్త లేదు, నూలు కండెల సంచి ఉంది. మగ్గాలు ఆగినట్టు లేవు, పక్కన బట్ట కదిలినట్టు మసకగ ఉంది. నాయినమ్మ ఆ ఫోటో చూసినంక కోటు ఫోటోని గోడ మీదినుంచి తీసేసింది. ఎందుకని ఎవరం అడగలే.

గోదారి శారద
మసక కూడా ఒక సాక్ష్యమే అన్నమాట. మగ్గం నడుస్తోందని ఆ మసకే చెప్పింది.

సముద్రకెరటం
మా వాళ్ళు విశాఖ నుంచి రంగూన్ వెళ్ళి, 1942లో జపాన్ వాళ్ళు వచ్చినప్పుడు కాలినడకన తిరిగొచ్చారు. అక్కడి స్టూడియో ముద్ర వెనకాల ఉన్న ఒక్క ఫోటోనే మాకు మిగిలింది. ఫోటోల వెనక వైపు కూడా స్కాన్ చెయ్యండి. ముద్రలు, రాతలు అన్నీ అక్కడే ఉంటాయి.

కాలువగట్టు
వెనకాల ఏమీ లేవండీ, రెండిట్లో మాత్రం పెదనాన్న పెన్సిలుతో నంబరు వేశాడు. కానీ ఒక విచిత్రం. అమ్మ పాలకుండ దించే ఫోటోలో వెనక గోడ మీద నల్లగా గీతలు కనిపిస్తే మరకలనుకున్నాను. పెద్దది చేసి చూస్తే బొగ్గుతో రాసిన అక్షరాలు. 'చీ 6, పం 4, దు 2'. అమ్మ చూడగానే "చాకలి పద్దు" అంది. బట్టలు వేసిన రోజు గోడ మీద రాసి, తిరిగొచ్చాక చెరిపేసేవాళ్ళట. ఆ ఫోటోలో ఒక దుప్పటి ఇంకా రాలేదట! దాని మీద పెద్ద గొడవ అయిందని అమ్మ ఒక గంట చెప్పింది. గడపకి ఎన్ని రోజులకోసారి పసుపు రాసేవాళ్ళో అడిగితే చెప్పలేదు గానీ దుప్పటి గొడవ పూసగుచ్చినట్టు చెప్పింది.

తామరాకు
అమ్మగారు మాట్లాడేటప్పుడు ఫోనులో రికార్డు చెయ్యండి. ఫోటో చూపించి "ఇది ఎవరు" అని అడగొద్దు. "ఇక్కడ ఏం జరుగుతోంది" అని అడగండి. మా అమ్మమ్మ దగ్గర నాకు కలిసొచ్చింది ఆ ఒక్క ప్రశ్నే.

పొలంగట్టు
మొదటినుంచీ చదువుతున్నా, రాయాలా వద్దా అనుకుంటూ. కాలువగట్టు గారు 'మా పాలేరు' అన్నారు. ఆయన ఇంకా ఎన్ని ఫోటోల్లో ఉన్నాడు?

కాలువగట్టు
చాలా వాటిల్లో. అక్కని భుజం మీద ఎక్కించుకుని ఒకటి, గడ్డివామి మీద ఒకటి. పెరట్లో కూర్చుని దోసిలి పడితే అమ్మ చెంబుతో నీళ్ళు పోస్తున్నది ఒకటి. అది నాకు బాగా నచ్చింది, నీళ్ళ ధార స్పష్టంగా పడింది. ఎండలో పనిచేసి వచ్చిన మనిషికి అమ్మ నీళ్ళిస్తోంది.

పొలంగట్టు
మా తాత కూడా పాలేరే, మీ జిల్లాలోనే. ఆయన ముఖం ఎలా ఉండేదో మా నాన్నకి తప్ప ఎవరికీ తెలీదు. ఫోటోతో ఓటరు కార్డులు మొదలైంది 1993లో. మా వాళ్ళల్లో చాలామందికి జీవితంలో మొదటి ఫోటో అదే. తాత అంతకుముందే పోయాడు.

మీ ఇంట్లో అన్ని గ్లాసులుండగా ఆయన దోసిట్లో ఎందుకు తాగుతున్నాడో ఒకసారి ఆలోచించండి. కోపంతో రాయడం లేదు. మీరు చూసిన ధారే నేనూ చూస్తున్నాను. చెంబు ఎంత ఎత్తున ఉందో చూడండి.

డాలస్ రావు
అప్పటి కాలం అంతేనండీ. వాళ్ళమ్మగారు అప్పుడు కొత్త కోడలు. ఒక మంచి జ్ఞాపకాల చర్చలో ఇవన్నీ ఇప్పుడు తవ్వడం ఎందుకు?

పొలంగట్టు
తవ్వింది నేను కాదు, పెదనాన్నగారి కెమెరా. పెళ్ళి ఫోటోల్లో ఇది కనిపించదు కదా. అందుకే ఇవి పారెయ్యొద్దని నేనూ అంటున్నా.

గోదారి శారద
రావుగారూ, పొలంగట్టు గారు అడిగింది న్యాయం. నా వైపు నుంచి ఒకటి చెబుతాను. మా తాతమ్మ పదమూడో ఏట విధవరాలు. తల గొరిగించి, తెల్లపంచె ముసుగుతో వంటింటి గుమ్మంలో కూర్చున్న ఫోటో ఒకటి దొరికింది. మా పెద్దత్తయ్య "ఇంటి పరువు" అని చింపబోయింది. నేను లాక్కున్నాను. తాతమ్మకి ఉన్న ఫోటో అదొక్కటే. దాన్ని ఇంటి గోడ మీద పెట్టలేదు, ఆన్‌లైన్‌లో పెట్టలేదు. చింపనివ్వలేదు, అంతే. దాచడం వేరు, చూపించడం వేరు.

ఓరుగల్లు
శారద గారి మాట బాగుంది. కాలువగట్టు అన్నా, ఆ మనిషి ఇంటోళ్ళు ఉన్నరా ఊళ్ళ?

కాలువగట్టు
పొలంగట్టు గారూ, మీ పోస్టు చదివాక అమ్మకి ఆ ఫోటో మళ్ళీ చూపించి తామరాకు గారు చెప్పినట్టే అడిగాను, ఇక్కడ ఏం జరుగుతోందని. అమ్మ దాచలేదు. "గ్లాసు ఇచ్చేవాళ్ళం కాదురా. మీ నాయనమ్మ ఊరుకునేది కాదు. అన్నం కూడా పశువుల కొట్టం దగ్గరే, ఆకులో. నాకు మొదట్లో కష్టంగా ఉండేది, తర్వాత అలవాటైపోయింది" అంది. అలవాటైపోయింది అన్న చోట చాలాసేపు ఆగింది. ఈ మాట మా ఇంట్లో నేను ఎప్పుడూ వినలేదు.

వాళ్ళబ్బాయి తెనాలిలో మెకానిక్ షాపు పెట్టుకున్నాడని బాబాయి చెప్పాడు. వెళ్ళాలనుంది. కానీ ఆ దోసిలి ఫోటో చూపించాలా, మానాలా?

పొలంగట్టు
అన్నీ చూపించండి. ఏది ఉంచుకోవాలో ఆయన చూసుకుంటాడు. మీరు ముందే ఏరి తీసుకెళ్తే మళ్ళీ మీ ఇష్టప్రకారమే అవుతుంది.

డార్క్‌రూమ్ బాబాయి
ఎడ్ల బొమ్మ నెగెటివ్ నాకు పంపించు, ఫైలు చాలు. మంచి కాగితం మీద పది బై పన్నెండు వేయించి ఇస్తాను. డబ్బుల మాట ఎత్తకు.

సముద్రకెరటం
ఈలోగా ఒక సంగతి. హంగరీలో ఇద్దరు మిత్రులు బుడాపెస్ట్‌లో జనం బయట పారేసిన ఫోటోలు ఏళ్ళ తరబడి ఏరి 2010లో ఫోర్టెపాన్ అని ఒక ఆన్‌లైన్ భాండాగారం పెట్టారు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. వంటిళ్ళు, వీధులు, సెలవు రోజులు, అన్నీ మామూలు మనుషులవి. మన దేశంలో అదే ఏడాది ఇండియన్ మెమరీ ప్రాజెక్ట్ మొదలైంది, అది కుటుంబ ఫోటోలు, వాటి కథలతో నడుస్తోంది. తెలుగు ఇళ్ళ పెరళ్ళు, వసారాలు మాత్రమే ఉన్న అలాంటిదొకటి మనకీ కావాలి.

గోదారి శారద
కావాలి, కానీ ఫోటోలో ఉన్నవాళ్ళనో, వాళ్ళ పిల్లలనో అడిగాకే.

ఓరుగల్లు
హైదరాబాదుల రాజా దీన్‌దయాళ్ 1892లనే ఆడోళ్ళ కోసం విడిగా జనానా స్టూడియో పెట్టిండు. ఘోషాలో ఉండే స్త్రీలకు ఫోటోలు తీసేది కూడా ఆడామెనే. నిజాం కాలపు పెద్దింటి ఆడోళ్ళ ముఖాలు అట్ల మిగిలినయి. మామూలిండ్ల ఆడోళ్ళవి ఇట్లాంటి బిస్కెట్ డబ్బాల్లనే ఉంటయి.

కాలువగట్టు
నిన్న తెనాలి వెళ్ళొచ్చాను. షాపులో కాస్త ఖాళీ అయ్యేదాకా కూర్చున్నాను. ఫోటోలన్నీ వరసగా బల్ల మీద పెట్టాను, దోసిలిది కూడా. ఆయనకి నాకంటే వయసు ఎక్కువ, అన్నా అనే పిలిచాను. చేతికి గ్రీజు ఉందని ఫోటోలు ముట్టుకోకుండా వంగి చూశాడు. ముందు ముఖం చూడలేదు. గడ్డివామి ఫోటోలో కాలు చూశాడు. "ఎడమ కాలు మడమ మీద నిలబడతాడు, చూడండి. పాము కరిచిన కాలు, బరువు ఆనించేవాడు కాదు" అన్నాడు. మా ఇంట్లో ఈ సంగతి ఎవరికీ తెలీదు. అన్నేళ్ళు మా ఎడ్లు తోలిన మనిషి!

డార్క్‌రూమ్ బాబాయి గారు వేయించిన ఎడ్ల ఫోటో తీసుకున్నాడు. దోసిలి ఫోటో చాలాసేపు చూసి "ఇది నా ఫోనుకి పంపండి, మా అమ్మాయికి చూపిస్తా" అన్నాడు. ఆ అమ్మాయి హైదరాబాదులో చదువుకుంటోంది. ఆ ఫోటో గురించి ఇంకేమీ అనలేదు, నేనూ అడగలేదు. టీ తెప్పించాడు. ఇద్దరం ఒకే బల్ల దగ్గర గాజు గ్లాసుల్లో తాగాం.

పొలంగట్టు
వెళ్ళినందుకు సంతోషం. మడమ సంగతి రాసి పెట్టండి, ఆ ఫోటో వెనకాలే.

డార్క్‌రూమ్ బాబాయి
రాసేటప్పుడు మెత్తటి పెన్సిల్, రెండు బి. బాల్‌పెన్ను వద్దు, నొక్కు ముందు వైపుకి తేలుతుంది, సిరా దిగుతుంది. నున్నటి కాగితం మీద పెన్సిలు ఆనకపోతే కవరు మీద రాసి, తర్వాత ఫోటో లోపల పెట్టు. ప్లాస్టిక్ కవర్లు వాడకు, కాగితపు కవర్లే మేలు. అటక మీద మళ్ళీ పెట్టకు, ఎండాకాలం అక్కడ వేడికి నెగెటివ్‌లు చుట్టుకుపోతాయి. బీరువా మధ్య అర మంచిది.

డాలస్ రావు
నేను ముందు రాసిన మాట వెనక్కి తీసుకోను గానీ, నిన్న మా అమ్మకి ఫోన్ చేసి మా ఊళ్ళో ఎద్దుల బండి తోలిన ఆయన పేరేమిటని అడిగాను. వెంటనే చెప్పింది. ఇంటిపేరు మాత్రం తెలీదంది. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదట.

సిరిసిల్ల మగ్గం
ఊరికి పోయినప్పుడు అడుగున్రి రావుగారు. ఫోన్ల తెల్వదు.

దివిసీమ
ఒక సందేహం. మేనత్త ఆల్బమ్ జిగురు పేజీలది, పైన ప్లాస్టిక్ కాగితం ఉంటుంది చూడండి, 80ల్లో వచ్చినవి. ఫోటోలు అతుక్కుపోయాయి, లాగితే చిరిగేలా ఉన్నాయి.

డార్క్‌రూమ్ బాబాయి
లాగొద్దు. ముందు పేజీ పేజీకీ ఉన్నదున్నట్టు స్కాన్ చెయ్యి. తర్వాత పళ్ళు శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారం ఉంటుంది కదా, దాన్ని ఒక మూల నుంచి ఫోటో కిందకి దూర్చి నెమ్మదిగా రంపంలా ఆడించు. కదలకపోతే వదిలెయ్యి. ఫ్రేము అద్దానికి అంటుకుపోయిన ఫోటోలైతే అసలు ముట్టుకోకు, అద్దంతోనే స్కాన్ చేయించు.

కాలువగట్టు
ఇంటి తాళాలు ఇచ్చేశాం. డబ్బా అన్నయ్య ఇంట్లోనే ఉంది, స్కానింగ్ తను చేయిస్తానన్నాడు. వచ్చే ఆదివారం బాబాయి, అక్క, అమ్మ అందరూ అక్కడికే వస్తున్నారు, పేర్లు రాయడానికి. ఒక ఫోటో ఎవరికీ అంతుపట్టలేదు. మా పెరటి బావి దగ్గర ఒకావిడ, నడివయసు, చేతిలో చేద, పెదనాన్నని చూసి పగలబడి నవ్వుతోంది. అమ్మకీ తెలీదు, బాబాయికీ తెలీదు. మొత్తం డబ్బాలో కెమెరా వైపు చూసింది ఈవిడొక్కతే. ఓర్వో ముక్క, నంబరు 4.

లెక్కల మాస్టారు
3, 5 ఏమిటి?

కాలువగట్టు
3 బడి పిల్లలు, వరసలో. 5 మళ్ళీ బడే, జెండా స్తంభం.

తామరాకు
అయితే బడివైపు మనిషేమో. పెదనాన్నగారితో పనిచేసిన టీచర్లెవరైనా ఊళ్ళో ఉన్నారా? లేకపోతే ఆయన దగ్గర చదువుకున్న పెద్దపిల్లలు. వరసలో ఉన్న పిల్లల్లో ఒక్కరు దొరికినా చాలు.

కాలువగట్టు
అది తట్టలేదు! పోస్టాఫీసు పక్కన కిరాణా కొట్టాయన పెదనాన్న శిష్యుడే. రేపు ఫోన్ చేస్తాను.